ఖని, గని, మైదానం: రూపసామ్యం – మూలభేదం

ప్రస్తావన

రెండు భాషలలో ఒకే విధంగా వినిపించే పదాలను చూడగానే అవి ఒకే మూలం నుండి వచ్చాయని భావించడం సహజం. వేరువేరుగా వినిపించే పదాలు ఒకే ధాతువు సంతతి కావచ్చునని గుర్తించడం మాత్రం కష్టం. నిఘంటు నిర్మాణంలోను, ప్రకృతి వికృతుల నిర్ణయంలోను దొర్లే పొరపాట్లకు చాలావరకు ఈ రెండే కారణాలు. గోదావరిఖని అనే ఊరిపేరులోని ‘ఖని’ శబ్దం ఈ విషయ పరిశీలనకు చక్కని ఆధారం. ఈ శబ్దానికి ఇరాన్‌లోను మధ్య ఆసియాలోను నిజమైన జ్ఞాతులున్నాయి. ఆ ప్రాంతాలలోనే దీనిని పోలిన పరాయి పదాలూ ఉన్నాయి. ఇక స్లావ్ భాషలలో ‘మైదాన్’ అనే పదం గని అనే అర్థంలోను, బయలు అనే అర్థంలోను వాడుకలో ఉంది. ఆ రెండర్థాలకు మూలాలు వేరు. ఈ శబ్దాలను పక్కపక్కన ఉంచి, పదమూల నిర్ణయానికి కావలసిన ప్రమాణాలను వివేచించడం ఈ వ్యాస లక్ష్యం.

గోదావరిఖని రామగుండం నగరంలో భాగం. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం అప్పటినుండి పెద్దపల్లి జిల్లాలో ఉంది. ఇల్లెందు పరిసరాలలో బొగ్గు ఉన్నట్లు 1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ కింగ్ గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో తవ్వకం ప్రారంభించింది. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గోదావరీతీరంలో ఉత్తరంగా విస్తరించిన ఈ తవ్వకాల వెంట ఒక నామకరణ పద్ధతి కూడా విస్తరించింది. ఈ వ్యాసానికి అదే ప్రాతిపదిక.

1. ఖన్ ధాతువు – సంస్కృత సంతతి

ధాతుపాఠంలో భ్వాదిగణంలో పఠితమైన ‘ఖన్’ ధాతువునకు అవదారణం, అనగా చీల్చుట, త్రవ్వుట అని అర్థం. తవ్వే సాధనం ఖనిత్రం. తృతీయాధ్యాయంలో పాణిని ఇత్ర ప్రత్యయాన్ని విధించిన ధాతువులలో ఇది ఒకటి. తవ్వబడినది ఖాతం. కోట చుట్టూ తవ్వినది పరిఖ. నేలను తవ్వుకొని బతికేది ఆఖువు, అనగా ఎలుక. వినాయకుని ఆఖువాహనుడని పిలవడంలో ఈ ధాతువే దాగి ఉంది.

వైదిక వాఙ్మయంలో ఈ ధాతువు ప్రయోగం గమనింపదగినది. ఋగ్వేద ప్రథమ మండలంలోని అగస్త్య సూక్తంలో ఖనిత్రం కనిపిస్తుంది. సప్తమ మండలంలోని జలసూక్తం నీటిని విభజిస్తూ ఆకాశజలాలు, ప్రవాహజలాలు, స్వయంజాత జలాలతో పాటు ‘ఖనిత్రిమ’ జలాలను, అనగా తవ్వగా లభించిన జలాలను పేర్కొన్నది. ఊట, బావి అనే అర్థంలో ‘ఖా’ అనే స్త్రీలింగ శబ్దం కూడా వేదంలో ఉంది. అనగా ఈ ధాతువు వైదిక ప్రయోగంలో నీటితో గాఢంగా ముడిపడి ఉంది. ఈ అంశం ఏడవ విభాగంలో మళ్లీ అవసరమవుతుంది.

లౌకిక సంస్కృతంలో ఖని శబ్దం స్థిరపడింది. అమరకోశం శైలవర్గంలో ఖని, ఆకరం అనే రెండింటిని పర్యాయాలుగా చెప్పి, ఖని స్త్రీలింగమని నిర్దేశించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజ్య ఆదాయ మార్గాలను ఏడుగా విభజించి, దుర్గం, రాష్ట్రం తరువాత మూడవదిగా ఖనిని లెక్కించింది. ఆ గ్రంథంలో ఆకరాధ్యక్షుడు వేరు, ఖన్యధ్యక్షుడు వేరు. రెండవవాని అధికారం కింద వజ్రమణులతో పాటు శంఖం, ముత్యం, పగడం కూడా ఉన్నాయి. అనగా పాలనా పరిభాషలో ఖని అర్థం నేలలోని గుంటకే పరిమితం కాలేదు. ప్రకృతి గర్భం నుండి వెలికితీసే సంపదకంతటికీ అది వర్తించింది. కాళిదాసు రఘువంశం పదునేడవ సర్గలో భూమి తనను రక్షించిన రాజునకు వేతనం చెల్లించిందని వర్ణిస్తూ, ఖనులు రత్నాలను ప్రసవించాయని చెప్పాడు.

2. తెలుగులో ఖని, గని

తెలుగులో ఖని తత్సమం, గని తద్భవం. పదాది కకార ఖకారాలు గకారంగా మారడానికి ఖర్జువు – గజ్జి వంటి ఉదాహరణలు ప్రకృతి వికృతుల పట్టికలలో ఉన్నాయి. కుండము – గుండము అనే జంటను కూడా ఈ వరుసలోనే చూపడం పరిపాటి. రామగుండం అనే పేరులో ఉన్నది ఈ గుండమే. ఆ విధంగా రామగుండం, గోదావరిఖని అనే రెండు పేర్ల ఉత్తరపదాలూ నేలలోని పల్లానికి సంబంధించినవే.

అయితే ఈ రెండవ జంటను యథాతథంగా అంగీకరించడం కష్టం. బరో, ఎమెనోలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కుంట, గుంట, గుండము అనే తెలుగు పదాలను తమిళ, కన్నడాది రూపాలతో కలిపి ఒకే ద్రావిడ మూలం కింద చేర్చింది. సంస్కృత కుండ శబ్దమే ద్రావిడం నుండి వెళ్లిందన్న అభిప్రాయం కూడా ఉంది. అప్పుడు గుండము వికృతి కాదు, పుట్టింటి మాట. ఖని – గని జంటలో ఈ సందేహానికి చోటు లేదు. ఖన్ ధాతువునకు సంస్కృతంలో విస్తృతమైన కుటుంబం ఉంది; ఇరానీయ శాఖలో సోదరరూపాలున్నాయి. ఒకే ధ్వనిమార్పును చూపే రెండు జంటలలో ఒకదాని దిశ నిశ్చితం, మరొకదాని దిశ వివాదాస్పదం. కేవలం పట్టిక చూచి ఈ భేదం తెలుసుకోవడం సాధ్యం కాదు.

తెలుగు గని శబ్దానికి ఇంట్లోనే ఒక ఛాయారూపం ఉంది. కావ్యభాషలో ద్రుతప్రకృతికం మీది పరుషానికి సరళం వస్తుంది. ‘కని’ అనే క్త్వార్థకం అక్కడ ‘గని’ అవుతుంది. ‘రామునిం గని’ అన్నప్పుడు గని అంటే చూచి అని అర్థం. కను ధాతువునకు ప్రసవించుట అనే అర్థం కూడా ఉన్నందున, రత్నాలను కన్నది కాబట్టి గని అని ఎవరైనా వ్యుత్పత్తి చెప్పదలిస్తే కాళిదాసు వర్ణన దానికి అండగా నిలిచినట్లే కనిపిస్తుంది. అర్థం ఎంత అందంగా కుదిరినా ఆ వ్యుత్పత్తి నిలవదు. గని శబ్దంలోని గకారం సంధివశాన వచ్చినది కాదు. వాక్యంలో ఏ స్థానంలోనైనా అది గకారమే. ఒకటి నామం, మరొకటి క్రియారూపం. వాటి కలయిక ధ్వనిలో మాత్రమే.

సింగరేణి ప్రాంతంలో తత్సమ తద్భవాలు పనిని పంచుకొన్నాయి. వస్తువును చెప్పవలసినప్పుడు బొగ్గుగని, భూగర్భ గని, ఉపరితల గని అని తద్భవం వాడతారు. పేరు పెట్టవలసినప్పుడు తత్సమం వస్తుంది. భూపాలపల్లిలో కాకతీయఖని, కొత్తగూడెం వైపు గౌతంఖని, వెంకటేశ్‌ఖని, పద్మావతిఖని, ఇల్లెందులో జవహర్‌ఖని, మణుగూరులో ప్రకాశంఖని ఈ తీరుగా ఏర్పడినవే. వీటిలో గోదావరిఖని ఒక గని పేరుగా మిగలక పట్టణనామమైంది. శుద్ధ సంస్కృత సమాసమైతే ‘గోదావరీఖని’ కావలసింది. తెలుగు తత్సమాలలో దీర్ఘాంతానికి హ్రస్వం వచ్చిన పిమ్మట సమాసం జరిగినందున ఇది సాధ్యసమాసం. స్థానికులు దీనిని ఇంకా కుదించి ‘ఖని’ అనే పిలుస్తారు. కంపెనీ లెక్కలలో ఇదే పేరు ‘జీడీకే’ అయింది. కాకతీయఖని ‘కేటీకే’ అయింది. ఋగ్వేదకాలం నాటి ధాతువు చివరకు ‘కే’ అనే ఒక్క పరాయి అక్షరంగా గని నంబరు పక్కన నిలిచింది.

3. ఇరానీయ శాఖ – కాన్, కందకం

సంస్కృత ‘ఖన్’ ధాతువునకు అవెస్తాలోను ప్రాచీన పారశీకంలోను ‘కన్’ అనేది సోదరరూపం. క్రీ.పూ. 522 నుండి 486 వరకు పాలించిన డేరియస్ చక్రవర్తి నైలునదికి, ఎర్రసముద్రానికి మధ్య కాలువ తవ్వించి వేయించిన శాసనంలో ఈ ధాతురూపం ఉంది. నవీన ఫారసీలో కందన్ అంటే తవ్వడం. కాన్ అంటే గని. ఉర్దూలో గని తవ్వేవానిని ‘కాన్‌కన్’ అంటారు. ఆ సమాసంలోని రెండు భాగాలూ ఒకే ధాతువు బిడ్డలు.

ఇక్కడ హిందీ ఉర్దూల మధ్య ఒక చిక్కు ఏర్పడింది. హిందీలో గనిని ‘ఖాన్’ అంటారు. అది సంస్కృతం నుండి వచ్చింది. ఉర్దూలో ‘కాన్’ అంటారు. అది ఫారసీ నుండి వచ్చింది. రెండు దారులలో వచ్చినా మూలం ఒక్కటే. కాని హిందీ ఉర్దూలు రెండింటిలో చెవిని కూడా ‘కాన్’ అంటారు. అది కర్ణ శబ్ద పరిణామం. ఉర్దూ లిపిలో చెవి, గని ఒకే విధంగా వ్రాయబడతాయి. అనగా ఖాన్, కాన్ రూపంలో భిన్నమైనా జ్ఞాతులు. కాన్, కాన్ రూపంలో అభిన్నమైనా అపరిచితులు.

తెలుగువారికి ఇంతకన్నా సన్నిహితమైన ఉదాహరణ కందకం. కోట చుట్టూ తవ్విన అగడ్తను పరిఖ అని, కందకం అని అంటారు. పరిఖ నేరుగా సంస్కృతం. కందకం మధ్య పారశీక ‘కందగ్’, అనగా తవ్వబడినది అనే శబ్దం నుండి అరబ్బీలోకి ‘ఖందక్’గా వెళ్లి, తిరిగి ఫారసీ ద్వారా దక్కను భాషలకు చేరింది. క్రీ.శ. 627లో మదీనా రక్షణకు తవ్విన కందకం వల్ల ఆ యుద్ధానికి ఖందక్ యుద్ధమనే పేరు వచ్చింది. నిఘంటువులలో కందకం ఎదుట అన్యదేశ్యమని గుర్తు ఉంటుంది. అది సత్యమే గాని సంపూర్ణం కాదు. పరిఖ, కందకం ఒకే ధాతువునకు తూర్పున ఒకటి, పడమట ఒకటి పుట్టిన తోబుట్టువులు. తెలుగులో మళ్లీ కలిశాయి.

4. తుర్కీ భాషలు – ఒక శబ్దం, నాలుగు వంశాలు

ఫారసీ ‘కాన్’ మధ్య ఆసియా తుర్కీ భాషలకు విస్తరించింది. ఉజ్బెక్‌లో ‘కోన్’ అంటే గని. కజక్, కిర్గిజ్ భాషలలో ‘కెన్’ అంటే ఖనిజం. దక్షిణ కజకిస్తాన్‌లో 1955లో వెలసిన గనుల పట్టణం కెంతౌ. ‘కెన్’ ఖనిజం, ‘తౌ’ కొండ. గోదావరిఖని, కెంతౌ – రెండూ తవ్వకం చుట్టూ పెరిగిన ఊళ్లు, రెండింటి పేర్లలోను ఒకే ఇండో–ఇరానీయ ధాతువు. ఒకదానిలో అది సంస్కృతం నుండి నేరుగా వచ్చింది. మరొకదానిలో ఫారసీ నుండి ఎరువు వచ్చింది. చెవికి ఏ పోలికా లేని ఈ రెండు పేర్లకే నిజమైన బంధుత్వం ఉంది. కజక్‌లో విశాలమనే అర్థం గల ‘కెఙ్’ శబ్దం మాత్రం అచ్చ తుర్కీ పదం. అంత్యానునాసికం ఒక్కటే దానిని కెన్ నుండి వేరు చేస్తుంది.

తుర్కీ సాహిత్యభాషలో ఫారసీ ‘కాన్’ మూలస్థానం, గని అనే అర్థంలో చేరింది. ఆ భాషలో సొంతపదమైన ‘కన్’ అంటే రక్తం. పాలకుని సూచించే ‘హన్’, అనగా ఖాన్ బిరుదు, ఎనిమిదవ శతాబ్దపు ఓర్ఖోన్ శాసనాల నాటికే తుర్కీలో ఉంది. సత్రం అనే అర్థం గల ‘హన్’ మాత్రం ఫారసీ నుండి వచ్చింది. గని, రక్తం, పాలకుడు, సత్రం – దాదాపు ఒకే ధ్వనిలో నాలుగు వేర్వేరు కథలు. భారతదేశంలో ఖాన్ అనే వంశనామం, ఖానా అనే ఉత్తరపదంతో కూడిన కారఖానా, ఖని అనే తత్సమం ఒకే గనిప్రాంతంలో ఒకే పూట వినిపించవచ్చు. మొదటిది తుర్కీ బిరుదు, రెండవది ఇల్లు లేక చోటు అనే అర్థం గల ఫారసీ పదం, మూడవది సంస్కృతం. వీటిని ఒకే కుదురుకు కట్టడం శాస్త్రసమ్మతం కాదు.

సమర్‌కంద్, తాష్కెంత్ అనే ఊరిపేర్లలోని కంద్, కెంత్ సోగ్దియన్ భాషలో నగరవాచకం నుండి వచ్చినవి. అది కూడా తవ్వుట అనే ఇరానీయ ధాతువు నుండే, కందకంతో రక్షితమైన స్థలమనే భావంతో ఏర్పడిందని పలువురు భాషావేత్తలు చెబుతారు. పదకొండవ శతాబ్దపు తుర్కీ నిఘంటుకారుడు మహమూద్ కాష్గరీ సమర్‌కంద్‌ను ‘సెమిజ్‌కెంద్’, అనగా బలిసిన నగరం అని తుర్కీలో అన్వయించాడు. సమర్థుడైన నిఘంటుకారుడు సైతం తన భాష చెవితో పరాయి పేరును వింటే లోకవ్యుత్పత్తి ఎలా పుడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

5. స్లావ్ భాషలలో మైదాన్

ఉక్రేనియన్‌లో మైదాన్ అంటే నగరమధ్యంలోని బహిరంగ స్థలం. కీవ్ నగరంలోని స్వాతంత్ర్య చౌకానికి ఆ పేరే ఉంది. 2013–14లో అక్కడ జరిగిన ఆందోళన తరువాత మైదాన్ అంటే ప్రజా ఉద్యమం అనే అర్థం కూడా వచ్చింది. ఇది తెలుగు మైదానానికి స్వయంగా తోబుట్టువు. ఫారసీ, అరబ్బీలలోని ‘మైదాన్’ తుర్కీ భాషల మీదుగా అటు వెళ్లింది. ఉర్దూ మీదుగా ఇటు వచ్చింది. పోలిష్, ఉక్రేనియన్ ప్రాంతాలలో అడవిలో చెట్లు కొట్టి కీలు, క్షారం తయారుచేసే స్థలాలకూ మైదాన్ పేరు చెల్లింది. పోలండ్‌లోని లుబ్లిన్ నగరశివారు పేరు నుండి ఏర్పడిన మైదానెక్ అనే అల్పార్థక రూపం రెండవ ప్రపంచయుద్ధకాలపు నిర్బంధ శిబిరానికి పేరై, చరిత్రలో దారుణమైన అర్థాన్ని మోసింది. బయలు అనే ఒకే మూలార్థం నుండి ఇవన్నీ శాఖలు; ఇది అర్థవిస్తరణ.

సెర్బియన్‌లో స్థితి వేరు. అక్కడ మైదాన్ అంటే గని. తూర్పు సెర్బియాలో రాగిగనులకు ప్రసిద్ధమైన పట్టణం మైదాన్‌పెక్. పెక్ అనేది అక్కడి నది. నదీనామం, గనివాచకం కలిసి పట్టణనామమైన తీరులో ఇది గోదావరిఖనికి సరిజోడు. బయలులో తవ్వే గనిని చూచి మైదానం అన్నారని, అర్థం అలా విస్తరించిందని ఊహించడం సులభం. రామగుండం పరిసరాలలోని విశాలమైన ఉపరితల గనులను చూచినవారికి ఆ ఊహ మరింత సహజంగా తోస్తుంది. కాని అది సరికాదు. సెర్బియన్ గనివాచకానికి మూలం తుర్కీ ‘మాదెన్’. దానికి మూలం అరబ్బీ ‘మఅదిన్’, నిలకడగా ఉండుట అనే అర్థం గల ధాతువు నుండి ఏర్పడిన స్థానవాచకం. ఉర్దూలో ఖనిజాలను చెప్పే ‘మాదనియాత్’ ఈ కుటుంబానిదే. ఒట్టోమన్ పాలనలో మాదెన్, మెయ్దాన్ అనే రెండు తుర్కీ పదాలూ సెర్బియన్‌లో ప్రవేశించి రూపంలో ఒకదానికొకటి చేరువయ్యాయి. రెండవదాని నుండి వచ్చిన ‘మెగ్దాన్’కు సెర్బియన్‌లో ద్వంద్వయుద్ధం అని అర్థం, పోరు జరిగే బయలు నుండి పోరుకే ఆ పేరు వచ్చింది.

తుర్కీలో మాదెన్, మెయ్దాన్ నేటికీ స్పష్టంగా వేరువేరు. అందువల్ల మధ్యవర్తి భాషను పరిశీలించిన వెంటనే చిక్కు వీడిపోతుంది. సెర్బియన్, ఉక్రేనియన్ రూపాలను మాత్రమే పక్కన పెట్టుకొన్నవారికి అది ఎన్నటికీ వీడదు.

6. లోహం, రక్తం

తుర్కీలో గని అనే కాన్, రక్తం అనే కన్ పరస్పరం అసంబద్ధమని పైన చెప్పడమైనది. స్లావ్ భాషలలో సరిగ్గా ఈ రెండర్థాలే నిజంగా ఒకే శబ్దంలో కలిశాయి. స్లావ్ భాషలలో ‘రూదా’ అంటే ముడిఖనిజం. గనికి ‘రూద్‌నిక్’ అనే పేరు దాని నుండే వచ్చింది. ప్రాచీన రష్యన్‌లోను మాండలికాలలోను రూదాకు రక్తమనే అర్థం కూడా ఉంది. ఎరుపు రంగును చెప్పే ఇండో–యూరోపియన్ మూలం దీనికి ఆధారం. సంస్కృతంలో రుధిరం, రోహితం, మొదట ఎర్రలోహమైన రాగిని సూచించిన లోహ శబ్దం ఈ మూలానివే. తుర్కీలో యాదృచ్ఛికమైనది స్లావ్‌లో వాస్తవం. ఒక భాషలో సిద్ధించిన అర్థసంబంధాన్ని మరొక భాషలోని రూపసామ్యానికి సాక్ష్యంగా తీసుకోరాదనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం లేదు.

7. బాయి – కార్మికుని మాట

పేరులో ఖని, పత్రికలో గని ఉన్నా, గోదావరిఖనిలో పనికి వెళ్లేవాడు వాడే మాట వేరు. అతడు బాయికి పోతాడు, బాయిలో దిగుతాడు, బొగ్గుబాయి పని చేస్తాడు. ‘వాపి’ శబ్దానికి బావి తద్భవం. తెలంగాణ వ్యవహారంలో అది బాయి. పొలానికి నీరు తోడే వ్యవసాయ బావిని, బొగ్గు తీసే గనిని ఒకే మాట సూచిస్తుంది. సేద్యం నుండి గనిపనికి వచ్చినవారికి నేలలో లోతుగా తవ్వి దిగే చోటు అంతకుముందే బాయిగా పరిచితం. కొత్త వస్తువునకు వారు పాతమాటనే విస్తరించారు.

ఈ విస్తరణను అపభ్రంశమనో, గ్రామ్యమనో తోసిపుచ్చడానికి వీలు లేదు. మొదటి విభాగంలో చూచినట్లు ఖన్ ధాతువు సైతం వేదంలో నీటికోసం తవ్వడాన్ని చెప్పినదే. ఖనిత్రిమ జలం నుండి ఖని వరకు సంస్కృతంలో నడిచిన దారిలోనే వాపి నుండి బొగ్గుబాయి వరకు తెలుగు నడిచింది. రెండింటికీ ధాతుసంబంధం లేదు. అర్థపరిణామ మార్గం మాత్రం ఒక్కటే. నిఘంటువులు గని శబ్దాన్ని ఖని వికృతిగా నమోదు చేశాయి. అదే విధంగా బాయి శబ్దానికి ‘గని’ అనే అర్థాన్ని, ప్రాంత నిర్దేశంతో, నమోదు చేయడం న్యాయం.

ఇది అత్యవసరం కూడా. ఉపరితల గనులలో దిగడం లేదు. పెద్ద యంత్రాలు నేలను పై నుండి తొలగిస్తాయి. అక్కడి పనిచోటును బాయి అనక ‘ఓసీపీ’ అనడం పరిపాటి అయింది. భూగర్భ గని ఒకటి మూతపడినప్పుడల్లా దానిలోని పని వల్ల పుట్టిన మాటలకూ వాడుక తగ్గుతుంది. బొగ్గు నింపే కార్మికుని తట్ట, చెమ్మస్ అటువంటివి. ఇక్కడ పార అనే అర్థం గల చెమ్మస్ శబ్దం చెవికి వైదిక చమసాన్ని, హిందీ చమ్మచ్‌ను, తుర్కీలో గరిటె అనే అర్థం గల చోమ్‌చెను ఒకేసారి స్ఫురింపజేస్తుంది. స్ఫురించడం మూలనిర్ణయం కాదు. ఆ మాటను వాడినవారి నోటినుండి సేకరించి, ఏ పనిముట్టుకు, ఏ పనిలో వాడారో నమోదు చేసిన తరువాతనే దాని వంశవిచారణకు పూనుకోవాలి.

ఉపసంహారం

యాస్కుడు నిరుక్తంలో వ్యుత్పత్తికి అర్థాన్ని ప్రధానంగా గ్రహించమన్నాడు. వైదిక పదాలకు అన్వయం చెప్పవలసిన సందర్భంలో అది ఉచితమైన సూత్రం. పలుభాషల మధ్య తిరిగిన పదాలకు అర్థం ఒక్కటే చాలదని మైదాన్, గని శబ్దాలు నిరూపిస్తాయి. ఉపరితల గని మైదానం వలె ఉన్నా సెర్బియన్ మైదాన్ బయలు నుండి రాలేదు. గని రత్నాలను కన్నా కను ధాతువు నుండి పుట్టలేదు. రూపం ఒక్కటే చాలదని ఖాన్, కాన్, హన్ శబ్దాలు నిరూపిస్తాయి. అందువల్ల పదమూల నిర్ణయానికి మూడు ప్రమాణాలు కలిసిరావాలి. మొదటిది, ఆ భాషలో ఇతరత్రా కూడా కనిపించే ధ్వనినియమం. రెండవది, ప్రయోగాలతో చూపగల అర్థపరిణామ మార్గం. మూడవది, పదం ఏ భాష మీదుగా, ఏ కాలంలో ప్రయాణించిందో చెప్పగల చారిత్రక సాక్ష్యం. ఈ మూడూ కుదిరినప్పుడు గోదావరిఖని, కెంతౌ వంటి దూరపు ఊళ్లు దగ్గరవుతాయి. ఏ ఒక్కటి లోపించినా పక్కపక్కనే వినిపించే పదాలను సైతం వేరుగానే ఉంచాలి.

ప్రాచ్య కళాశాలలలో ప్రకృతి వికృతులను బోధించేటప్పుడు ఖని – గని జంటతో పాటు పరిఖ – కందకం, కుండము – గుండము, బావి – బాయి అనే జంటలను కూడా చర్చకు తీసుకొనవచ్చు. ఒకటి నిశ్చితమైన తద్భవం, ఒకటి ప్రచ్ఛన్న బంధుత్వం, ఒకటి వివాదాస్పదమైన దిశ, ఒకటి వాడుకలో పెరిగిన అర్థం. ఈ నాలుగింటిని విడమరచి చూడగల విద్యార్థికి పట్టికను కంఠస్థం చేయవలసిన అవసరం తగ్గుతుంది. శబ్దం వెనుక ఉన్న నేలను, పనిని, ప్రయాణాన్ని చూచే దృష్టి అలవడుతుంది.